గార్డు గారి చొక్కా

తెనాలి గార్డు గారు బుధవారం పోయారని, మర్నాడే దహనం అయిపోయిందని శనివారం సాయంత్రం రేపల్లెలో నాకు కార్డు అందింది. దాన్ని బైబిల్లో పెట్టి మోకరించాను. బాపట్లలో ఉన్న మా తమ్ముడికి ఎలా చెప్పాలన్నదే మనసులో తిరిగింది. ఉత్తరం రాసే వ్యవధి లేదు. తెల్లవారితే ఆదివారం. వస్తే వాడే మీటింగుకు తెనాలి వస్తాడు.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పేరు ఇక్కడ రాయను. తాగుడు మానాలని మీటింగుకు వచ్చినవాళ్ళ పేర్లు గది దాటకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటే.

మద్యనిషేధం ఎత్తేసి సారా దుకాణాలు తెరిచాక మా తమ్ముడు చాటుగా తాగడం మానేసి అందరి ముందూ తాగడం మొదలుపెట్టాడు. వాడు టైలరు. సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చాడు. తిట్టాను, ఉపవాసాలున్నాను, షాపు తాళాలు లాక్కున్నాను. తాగుడు మానినవాళ్ళు కొందరు తెనాలిలో ఆదివారాలు కూర్చుంటారని ఎవరో అంటే వెతుక్కుంటూ వెళ్ళాను. అడిగినవాళ్ళంతా నన్ను ఎగాదిగా చూశారు. ఒకాయన నాటువైద్యుడి ఇల్లు చూపించాడు, ఒకావిడ చర్చి చూపించింది. చివరికి అంగలకుదురు వైపు పోయే రోడ్డు మీద, సెలవురోజు తెరిచి ఉన్న బడిగది కనిపించింది. లోపల ఏడెనిమిది మంది మగవాళ్ళు బెంచీల మీద తలలు వంచుకుని ఉన్నారు. ప్రార్థన కూటమే అనుకుని నిలబడి పాట ఎత్తుకున్నాను. మూడు చరణాలూ పాడాను.

ఎవరూ ఆపలేదు. పాట అయ్యాక ఒక రిక్షా అతను మెల్లగా అడిగాడు. "ఏంటమ్మా, తమరికి కూడా అలవాటుందా?"

గది గొల్లుమంది. నేనూ నవ్వాను, ఎన్నాళ్ళకో. గార్డు గారు మాత్రం జోడించిన చేతులు విప్పలేదు. "పాట బాగుందమ్మా. మా దగ్గర పాటల్లేవు. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటాం, అంతే" అని ముందు తన సంగతి చెప్పారు. ఒకసారి తాగి, రైలు చివర తన పెట్టెలోనే పడి నిద్రపోయారట. రైలు నిండా జనం ఆయన పచ్చజెండా కోసం కాచుకుని కూర్చున్నారట. "ఇంజను డ్రైవరు అంతదూరం నడిచొచ్చాడండి. తిట్టలేదు. కాసేపు నా పక్కన కూర్చున్నాడు."

మానేసి పదేళ్ళు దాటినా "మానేశాను" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. "ఈ పూట తాగలేదు" అనేవారు. అని, టీ ఊదుకుంటూ తాగేవారు.

తర్వాత ఆదివారాలన్నీ ఒకలాగే గడిచాయి. నేను రేపల్లె బండి దిగి, తమ్ముడు రావలసిన బాపట్ల ప్యాసింజరు కోసం నిలబడేదాన్ని. గార్డు గారు వచ్చి నాతో నిలబడేవారు. జనం దిగిపోయారని నేను వెనుదిరిగితే ఆపేవారు. "చివరి పెట్టె దాకా చూడండి టీచరమ్మగారూ. సిగ్గుపడేవాళ్ళు ఆఖర్న దిగుతారు."

కొన్నిసార్లు దిగాడు. చాలాసార్లు దిగలేదు. తూలుతూ దిగిన రోజున నేను పరుగెత్తి జబ్బ పట్టుకోబోతే, "పట్టుకోకండి. పక్కన నడవండి" అన్నారు. నాకు అది చేతనయ్యేది కాదు. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకుని తిరిగిన చేతులు ఇవి.

ఒకసారి ఆయన వాడి చేతిలో తెల్లగుడ్డ పెట్టారు. "నాకో చొక్కా కుట్టవయ్యా టైలరూ."

"నా చేతులు చూశారుగా సార్. గుడ్డ పాడైపోద్ది."

"అవి కుదిరిన రోజునే కుట్టు. నాకేమన్నా పెళ్ళా, తొందరపడటానికి?"

ఆ గుడ్డ రెండేళ్ళు వాడి పెట్టెలోనే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు.

కార్డు వచ్చిన మర్నాడు ప్లాట్‌ఫాం మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. రాకపోతే బాగుండు అనుకున్నాను, దేవుడు క్షమించాలి. ఈ మాట వింటే వాడు మళ్ళీ ఎటు పోతాడో నాకు తెలుసు. జనమంతా దిగారు. చివరి పెట్టె నుంచి తమ్ముడు దిగి తిన్నగా నడిచొచ్చాడు. చంకలో పేపరు పొట్లం ఉంది.

"ఈ పూట తాగలేదక్కా. వారం నుంచీ తాగలేదు. సార్ ఏరి? ఇవాళ రాలేదేంటి?"

"ఒరేయ్ నాన్నా" అన్నాను.

వాడు నా ముఖం చూశాడు. ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. బల్ల మీద కూర్చుని పొట్లం విప్పాడు. తెల్ల చొక్కా. కాలరు ఒకవైపు కొంచెం వంకర పోయింది. దుకాణంలో మడతపెట్టే ముందు చేసినట్టే, కిందనుంచి ఒక్కో బొత్తామూ పెట్టుకుంటూ వచ్చాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి బొత్తాం కాజాలోకి పోలేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

నా చేయి లేచింది. దాన్ని కొంగులో చుట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను. నేను చూస్తుండగానే బండి కదిలింది, చివరి పెట్టె కూడా దాటిపోయింది. వాడు తల వంచుకుని ఆ ఒక్క బొత్తాం పెడుతూనే ఉన్నాడు.