తగిన డ్రైవర్ లేడు

నందిగామలో మాకు కంప్యూటర్ నేర్పిన మేడమ్ మొన్న మంగళవారం పోయారు. కబురు చెప్పిన స్నేహితురాలు, "నీ గురించి చాలాసార్లు అడిగారే" అంది. నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

రెండువేల ప్రాంతంలో ఆవిడ చెప్పిన నోట్సు పట్టుకునే జగ్గయ్యపేటలో ఒక సున్నపురాయి క్వారీ ఆఫీసులో చేరాను. లారీ లోడ్ల వివరాలు డేటాబేస్‌లో చేరేలా ప్రోగ్రాం రాయాలి. "ఇంతకుముందు చేశావా?" అని మేనేజర్ గారు అడిగితే "చేశానండి" అనేశాను. నిజానికి ఆ పాఠం మేము బోర్డు మీద చూసి రాసుకున్నదే. నెలలో ఉద్యోగం ఖాయం కాకపోతే వత్సవాయిలో ఇంటిపట్టునే ఉండాలని నాన్న ముందే చెప్పారు.

ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ మధ్య మాట చేరవేసే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. దాన్ని పిలిచే లైను నోట్సులో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. తగిన డ్రైవర్ లేడంటూ తెర మీద ఇంగ్లీషు ముక్క ఒకటి వచ్చింది. పదహారు రోజులు అదే ముక్క. రోజూ "రేపు అయిపోద్దండి" అనేదాన్ని. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోవాలి.

ఒకరోజు మేనేజర్ గారు నిలదీస్తే, "డ్రైవర్ దొరకట్లేదండి" అన్నాను. పావుగంటకి భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి, "ఏ బండి తియ్యాలమ్మా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎస్టీడీ బూత్ నుంచి మేడమ్‌కి ఫోన్ చేశాను. మర్నాడు ఆవిడే బస్సెక్కి వచ్చారు. వస్తూనే నోట్సు కోసం చెయ్యి చాచారు. "తెరని తిట్టుకోకమ్మా, నువ్వు రాసింది పైకి చదువు." క్లాసులోనూ ఎప్పుడూ అదే మాట. చదువుతుంటే మధ్యలో ఆపారు.

"మొదటి పదం తర్వాత రెండు చుక్కలేవి, కోలన్?"

"బోర్డు మీద లేవండి."

మేడమ్ ముఖం వాడిపోయింది. ఆ రెండు చుక్కలూ పెట్టి కొడితే ఒక్క క్షణంలో కనెక్ట్ అయింది. "చుక్కలు నా తప్పు. అబద్ధం నీది. పద" అని మేనేజర్ గారి గదిలోకి తీసుకెళ్ళారు. "తప్పుగా నేర్పింది నేనేనండి" అని ముందు ఆవిడే చెప్పారు. తర్వాత నేను, "ఇంతకుముందు చెయ్యలేదండి, అబద్ధం చెప్పా" అన్నాను. ఆయన, "ఇప్పుడొచ్చిందిగా, వెళ్ళి పని చూసుకో" అన్నారు. పదహారు రోజుల తర్వాత ఊపిరి సాఫీగా ఆడింది.

బస్టాండులో నందిగామ బస్సు సిద్ధంగా ఉన్నా మేడమ్ ఎక్కలేదు. ఆ పాఠం చెప్పిన రోజు క్లాసులో ఇంకా ఎవరెవరున్నారని అడిగి, పొద్దున వచ్చిన బస్సు టికెట్టు వెనక పేర్లు రాసుకున్నారు. పదకొండు మంది. దగ్గర్లో ఎవరున్నారంటే, పెనుగంచిప్రోలులో ఒకమ్మాయి ఉందన్నాను. బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ రోడ్డు దాటి పెనుగంచిప్రోలు ఆటోలో ఓ చివర ఇరుక్కుని కూర్చున్నారు. ఆ చిన్న కాగితం గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకున్నారు.