గుట్ట మీద అక్క ఆగిన చోటు

మెండోర అవతల, ప్రాజెక్టు ఆనకట్ట వెనక నిలిచే నీళ్లలో ఒక గుట్ట ఉంది. ఎండాకాలం నడిచే పోవచ్చు. వానలు పడి ప్రాజెక్టు నిండాక అది దీవి అయిపోతుంది, పడవ తప్ప దారి ఉండదు. ఒక పక్క గుట్ట గోడలా నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతుంది. దాని వీపు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నని రాతి దారి. నిజామాబాద్‌లో మా నడక జట్టుకు ఆ గుట్టంటే పిచ్చి. జట్టంటే నాలాంటి లెక్చరర్లు, ఇద్దరు డాక్టర్లు, ఒక బ్యాంకు మేనేజరు. వారమంతా కుర్చీల్లో కూర్చుని, ఆదివారం ఖరీదైన బూట్లు వేసుకుని మరీ కష్టపడటానికి పోతాం.

మొన్న కార్తీకంలో మా అక్కను కూడా తీసుకెళ్లాను. ఏడో తరగతిలో ఆమెను బడి మాన్పించి ఒళ్లో బీడీల చాట పెట్టారు. నన్ను చదివించారు. ఆమె వేళ్లు ఆడినంత కాలం నా చదువు సాగింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు, అక్క అసలే అనదు. అనకపోవడమే నన్ను ఎక్కువ కోస్తుంది. ఒక్కసారి ఆమెను ఆ కొన దాకా ఎక్కించి, చుట్టూ నీళ్లు చూపించి, నా గుండె మీది బరువు కాస్త దించుకుందామనుకున్నాను.

పడవ దిగగానే అక్క నా కాళ్ల వైపు చూసి నవ్వింది. "గీ బూట్లు లేకుంటే గుట్ట ఎక్కనియ్యదా ఏంది?"

తను రబ్బరు చెప్పులతోనే ఎక్కింది. కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్లు. పది అడుగులకోసారి నడుం పట్టుకుని నిలబడేది. అంచు దగ్గర చెయ్యి అందిస్తే విదిలించింది. "నన్ను ముసల్దాన్ని చెయ్యకు" అంది. ముందు పోయినవాళ్లు ఆగి మా కోసం చూస్తుంటే నాకు సిగ్గేసింది. అలా సిగ్గుపడ్డందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ మంట కూడా ఆమె మీదే చూపించాను. "జల్ది నడువక్కా" అని కసిరాను.

కొన ఇంకో వంద అడుగులుందనగా ఆమె ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది. కొమ్మ వంచి ఆకు తెంపింది. వెనక్కి తిప్పి, ఈనె వెంబడి బొటనవేలితో రాసి, కొస నుంచి ఒక చుట్టు చుట్టింది.

"చెల్లె, గిది మన ఆకేనా?"

"అవునక్కా. తునికి చెట్టు."

బీడీ కార్ఖానా నుంచి కట్టలుగా వచ్చే ఎండాకే ఆమెకు తెలుసు. దాన్ని తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టడమే తెలుసు. చెట్టున పచ్చగా ఉన్న ఆకును ఆమె ఎన్నడూ చూడలేదు. బెరడు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది. సంబరపడుతుందనుకున్నాను. ఆమె ముఖం బిగుసుకుపోయింది.

"ఇంతకుముందు ఎన్నిసార్లొచ్చినవ్ గీడికి?"

"నాలుగుసార్లు."

"అప్పుడు గీ చెట్టు లేకుండెనా?"

"ఉండె. దీని కిందనే కూసోని తిన్నం."

"మరి ఇంటికొచ్చి నాకు ఒక్కనాడు చెప్పకపోతివి?"

నేను కాలేజీలో చెప్పేది వృక్షశాస్త్రం. ఆ చెట్టు శాస్త్రీయ నామం, కుటుంబం ఏటా బోర్డు మీద రాస్తాను. ఊరూ పేరూ తెలియని పిల్లలందరికీ చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి, అదే ఆకు ముందేసుకున్న అక్క పక్కన కూర్చుని చాయ్ తాగాను.

"నాకు తట్టలేదక్కా" అన్నాను. అబద్ధమైతే బాగుండేది.

"ఎందుకు తడ్తది" అంది. అరవలేదు, ఏడవలేదు. ఆకు కింద పడేసి ఒక రాయి మీద కూర్చుంది. పైనుంచి జట్టువాళ్లు నన్ను కేకేశారు.

"పో, పిలుస్తున్నరు. నేను గిక్కడనే ఉంట."

ఆమె పక్కన కూర్చోవాల్సింది. కూర్చుంటే ఆమె ముఖం చూడాలి. నేను పైకే వెళ్లాను. అంచున నిలబడి, అందరితో పాటు నవ్వుతూ ఫొటో కూడా దిగాను.