ఒంటిచుక్క సీతాకోకచిలుక

ఈ ఉదయం కొత్తవలసలో మా మేడ మీద బట్టలారేస్తుంటే దండెం మీద ఇటుకరంగు సీతాకోకచిలుక ఒకటి వాలింది. తడి చీర చేతిలో అలాగే పట్టుకుని దాని వెనక రెక్క మీద చుక్కలు లెక్కపెట్టాను. ఈ పిచ్చి నాకు అంటించింది పాతపట్నం దగ్గర చోళ్లు, అంటే రాగులు, పండించే మా మావయ్య.

రథసప్తమినాడు అరసవల్లి దేవుణ్ణి తలుచుకుని, తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే ఇల్లు అది. అందుకని చేనుగట్టు మీది జిల్లేడు పొదను ఎవరూ కొట్టేవారు కాదు. మావయ్య ఒక్కో ఆకూ తిరగేసి, పురుగున్నది వదిలేసి మిగిలినవే కోసేవాడు. దాంతో మా అందరి స్నానాలూ ఆలస్యం, పైగా అత్తయ్య సణుగుడు. ఆ పురుగులే రెక్కలొచ్చి గట్టంతా ఎగిరేవి. వాటి మధ్య అచ్చం అలాంటిదే ఇంకో రకం తిరిగేది. "ఎనక రెక్క నడుమ మూడో నాలుగో నల్లసుక్కలుంటే జిల్లేడుది. సేదు, కాకి ముట్టదు. అంచున ఒకటే సుక్క ఉన్నాదా, అది దీని కోక కట్టుకుని తిరిగే దొంగది. ఏటే, తెలిసిందా?" అనేవాడు. నేను తప్పు చెబితే పక్క చేనువాళ్లకు వినపడేలా నవ్వేవాడు.

రెండేళ్ల కిందట మావయ్యే తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. ఒంటిచుక్కదాన్ని చూపించి జిల్లేడుదన్నాడు. చిన్నప్పటినుంచీ నన్ను ఆటపట్టించిన మనిషి కదా, పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. మరోసారి వెళ్లినప్పుడూ అదే. పెద్దాయన మాట కాదనడమెందుకని "అవును మావయ్యా" అన్నాను. ఏడాది పొడుగునా, వెళ్లినప్పుడల్లా అలాగే అన్నాను. అది మర్యాద అనుకున్నాను.

చివరికి గట్టు మీద కాలుజారి పడ్డాక శ్రీకాకుళం తీసుకెళ్లాం. షుగరు కంటి లోపలి పొరను పాడుచేసిందనీ, ఏడాది ముందు తెస్తే కొంతైనా నిలిచేదనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పాడు.

"నాకేటి తెలుసు? నువ్వు అవునంటన్నావు కదా, సూపు బాగున్నాదనే అనుకున్నాను" అన్నాడు మావయ్య. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఆసుపత్రి వరండాలోనే ఏడ్చాను.

ఇప్పుడు వెళితే గట్టు మీద నా పక్కన కూర్చుని "సుక్కలెన్నే?" అని అడుగుతాడు. ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను. నిజం చెప్పవలసిన ఏడాది వెళ్లిపోయింది. ఇక ఎన్నేళ్లు నిజమే చెప్పినా అది తిరిగి రాదు.