అమ్మ నమ్మని మీటరు

పోయిన నెల మా అమ్మాయికి సైకిలు కొందామని సూరత్‌లోని ఉధనాలో ఒక దుకాణంలోకి అడుగుపెట్టగానే కొత్త టైర్ల రబ్బరు వాసన, పంక్చర్లకు పూసే సొల్యూషన్ ఘాటు, గొలుసులకు రాసిన నూనె వాసన కలిసి ముక్కుకు తగిలాయి. దుకాణదారు అగ్గిపెట్టెంత మీటరు ఒకటి నా చేతిలో పెట్టి, పిల్ల ఎంత వేగంగా తొక్కుతోందో ఇది చెబుతుంది బెహన్ అన్నాడు. నేను దాన్ని వెనక్కి తిప్పి, సెల్లు పెట్టే మూత గట్టిగా ఉందో లేదో గోటితో నొక్కి చూశాను. అతను నన్ను వింతగా చూశాడు. మీటర్లను నమ్మకపోవడం నాకు పుట్టింట్లో అబ్బిన గుణం.

సిరిసిల్ల నుంచి వలసొచ్చిన మేము సూరత్‌లోనే పాండేసరలో ఉండేవాళ్ళం. మా నాన్నను బాపు అని, ఆయన తమ్ముణ్ణి చిన్నబాపు అని పిలిచేదాన్ని. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసేవాడు, చిన్నబాపు అక్కడే నేసేవాడు. పక్కపక్కన రెండు గదులు, వెనకాల రేకుల గోడలోపల కాస్త ఖాళీ జాగా, ఆ గోడ అవతల రాత్రింబవళ్ళు ఆగని మగ్గాల చప్పుడు. వానాకాలం రంగుల మిల్లుల కాలువ పొంగితే ఈ పూట నీళ్ళు ఎర్రగా వస్తాయా, నీలంగా వస్తాయా అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్ళం. చలికాలంలో బండ్ల మీద పొంక్ అమ్మేవాళ్ళు. అది లేత జొన్న గింజలను వేయించి, సేవ్ అనే సన్న కారప్పూస కలిపి ఇచ్చే తినుబండారం. మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, దాన్ని ఎన్నేళ్ళయినా ఊచబియ్యమనే అనేది. సిరిసిల్ల జొన్నకున్న తీపి దీనికి లేదని అనుమానంగా నములుతూనే పొట్లం ఖాళీ చేసేది.

ఆ వెనక జాగాలోనే బాపు, చిన్నబాపు కలిసి కారు కట్టారు. పాత స్కూటరు ఇంజను, స్కూటరు చక్రాలే నాలుగు, ఆటో నుంచి తీసిన సామాను, ఇనుప పట్టీలు అతికించిన చట్రం, నూనె డబ్బాలు చీల్చి సాపుచేసిన రేకు, అవ్వ పాత బొంత కుట్టిన సీట్లు. మోకాళ్ళు పట్టేసి గడప దాటలేకపోతున్న అవ్వను డుమస్ సముద్రం దాకా తీసుకెళ్ళి చూపించాలని అన్నదమ్ముల కోరిక. వాడకు మాత్రం అది నచ్చలేదు. రేకుల గోడ వెనక వెల్డింగ్ వెలుగు కనబడ్డప్పుడల్లా ఎవరో ఒకరు తొంగి చూసేవారు. ఇంటి యజమాని నల్లా చూసిపోతానన్న నెపంతో వచ్చి, నల్లా వంక చూడకుండా చట్రం చుట్టూ తిరిగి పోయేవాడు. దొంగ బండ్లు విప్పుతున్నారని ఎవరో అన్నారట. దానికి నంబరు పలక లేదు, వచ్చే ఆశా లేదు. అందుకే మిల్లుల మధ్య లోపలి దారుల్లోనే నడిపేవారు. దూరాన ఖాకీ చొక్కా కనబడితే, అది మిల్లు చౌకీదారుదే అయినా సరే, చిన్నబాపు ఇంజను ఆపి, దిగి బండిని తోసేవాడు.

అందరికంటే ఎక్కువ అనుమానం మా అమ్మకు. ఇంజను గుర్రుమంటే ఎందుకని అడిగేది, గుర్రుమనకపోతే ఏమైందని అడిగేది. బండికి వేగం చూపే మీటరు లేదని ఆమె పట్టుబట్టాకే చిన్నబాపు ఆదివారం బజారు నుంచి ఒక సైకిలు మీటరు తెచ్చాడు. చక్రానికి చిన్న అయస్కాంతం కట్టి, దాని పక్కన బొత్తాం లాంటిది బిగించి, తీగను స్టీరింగు దగ్గరి డబ్బాకు తెచ్చాడు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా డబ్బా లెక్కపెడుతుంది.

మొదటిరోజు అందరం ఎక్కాం. డబ్బాలో నలభై కనబడింది. బాపు మొహం వెలిగిపోయింది. అంతలో హ్యాండిలుకు టిఫిను డబ్బా తగిలించుకున్న మిల్లు కార్మికుడొకడు షిఫ్టుకు ఆలస్యమైనట్టు పాత సైకిలు గబగబా తొక్కుకుంటూ మా పక్కనుంచి ముందుకెళ్ళిపోయాడు. అమ్మ అతను మలుపు తిరిగేదాకా చూసింది.

"సైకిలోడు మనల్ని దాటిపోయిండు. గీ డబ్బల మాత్రం నలభై అని వస్తుంది. ఎవల్ని నమ్మాలె?"

తప్పు డబ్బాది కాదని బాపు ఇంటికొచ్చాక కనిపెట్టాడు. అది పెద్ద సైకిలు చక్రం కోసం చేసింది. ఒక చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో దానికి మనమే చెప్పాలి. చెప్పకపోతే సైకిలు చక్రమే అనుకుని పుట్టుకతో ఉన్న అంకె పట్టుకుంటుంది. మా చక్రం చిన్నది కాబట్టి ఇరవై ఏడును నలభై అంటోంది.

ఆదివారం పొద్దున జాగా ఊడ్చి, టైరు మీద తడి సున్నం చుక్క పెట్టారు. మనుషులెక్కితే టైరు నొక్కుకుపోతుంది, కొలత మారుతుందని బాపు అవ్వతో సహా అందరినీ ఎక్కించి, చిన్నబాపుతో మెల్లగా తోయించాడు. నేలమీద రెండు తెల్లని మచ్చలు పడ్డాయి. అమ్మ చీరలకు లేసులు కుట్టేటప్పుడు వాడే టేపుతో కొలిచింది. కొలిచి, ఈ టేపు వాడి వాడి సాగి ఉంటుందని దాన్నీ నమ్మక, బాపు దగ్గరున్న ఇనుప స్కేలుతో మళ్ళీ కొలిపించింది. పదమూడు వందల చిల్లర మిల్లీమీటర్లు. బాపు బొత్తాం నొక్కుతూ అంకె ఎక్కించాడు. ఎంతయినా ముప్పై దాటమని అన్నదమ్ములిద్దరూ ఆమెకు మాట ఇచ్చారు.

మాట తప్పలేదు కూడా. ఒక సాయంత్రం మిల్లు షిఫ్టు వదిలే వేళ, గేటులోంచి జనం ఒక్కసారిగా బయటికొచ్చారు. వాళ్ళ మధ్యనుంచి గుడ్డల మూటల తోపుడుబండి అడ్డమొచ్చింది. బాపు బ్రేకు తొక్కాడు. అవ్వ నుదురు ముందు రేకుకు తగిలింది, నేను అమ్మ ఒళ్ళోంచి కిందికి జారాను. తోపుడుబండి మనిషి మూట మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాడు. అతనికీ మా బండికీ మధ్య జానెడు జాగా మిగిలింది. బ్రేకు తొక్కేముందు మీటరు ముప్పై లోపే ఉందని బాపు దారంతా చెబుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ అవ్వ నుదుటి మీద బొప్పికి పసుపు అద్దుతూ కూర్చుంది.

తర్వాత వారం మీటరు మళ్ళీ తిక్కగా చూపడం మొదలుపెట్టింది. ముప్పై అంటుంది, సైకిళ్ళు దాటిపోతాయి. బాపు చూస్తే లోపలి అంకె పాత సైకిలుదే. చవక సరుకు, మరిచిపోయి ఉంటుందని మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ మారింది. సెల్లు తీసి పెడితే అది పుట్టుకతో ఉన్న అంకెకు పోతుందని ఆయనకు తెలుసు. సెల్లు మూత దానంతటది ఊడదని, రూపాయి బిళ్ళతో తిప్పాల్సిందేనని కూడా తెలుసు. మూత గాడిలో కొత్త గీతలు పడి ఉండడం నాకూ చూపించాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఒకరినొకరు ఓరగా చూసుకోవడమే. నాకు ఇంటి యజమాని మీద అనుమానం. బాపుకు తమ్ముడి మీద. స్టీరింగు తన చేతికి తక్కువగా ఇస్తున్నందుకు తమ్ముడు మనసులో పెట్టుకున్నాడని ఆయన లెక్క.

"నువ్వు ముట్టినవా దీన్ని?" అని ఒక మధ్యాహ్నం అడిగేశాడు.

"నేనెందుకు ముడుత అన్నా? గా బండి నాది గాదా?" అన్నాడు చిన్నబాపు. బాపు మూత గాడిలోని గీతల మీద వేలు పెట్టి చూపించాడు. అదే చిన్నబాపును ఎక్కువ బాధపెట్టింది. మరునాటి నుంచి ఆయన మా గదిలో భోజనానికి రాలేదు. కడోదరాలో వేరే కార్ఖానాలో పని మాట్లాడుకున్నాడని, పండగ వెళ్ళాక గది మారతాడని అవ్వ చెప్పి కళ్ళు ఒత్తుకుంది.

దసరా వచ్చింది. పొద్దున్నుంచే సూరత్ అంతా ఫాఫ్డా జిలేబీల కోసం వరసల్లో నిలబడింది. వాడంతా శనగపిండి వేగే వాసన, పాకం తీపి. సాయంత్రం మావాళ్ళు రైలు పట్టాల పక్కనుంచి జమ్మి ఆకు తెచ్చి, బంగారం అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటున్నారు. ఏటా అందరికంటే ముందు బాపు చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కేది చిన్నబాపే. ఆ ఏడు వచ్చాడు, అవ్వకు ఆకు ఇచ్చాడు, అన్న వంక చూడకుండా గుమ్మం వైపు తిరిగాడు. బాపు చెయ్యి సగం లేచి కిందికి దిగింది.

అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది. చేతులకు పిండి అలాగే ఉంది.

"సెల్లు తీసింది నేను. రెండుసార్లు నేనే."

అమ్మ చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది.

"ముప్పై దాటమని మీరిద్దరు మాట ఇచ్చిండ్రు. మాట మీద ఉన్నరు. గానీ ఆ ముప్పై ఎంత పెద్దగున్నదో గా తోపుడుబండి కాడ చూసిన. గందుకే దాన్ని చిన్నగ జేసిన."

బాపు తనే లేచి, పెద్దవాడై ఉండి తమ్ముడి దగ్గరికి వెళ్ళి, చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. చిన్నబాపు దాన్ని పట్టుకుని నిలబడి, వదినె నన్ను గింత గోస పెట్టిందా అని అవ్వతో అన్నాడు. ఆయన గొంతులో నవ్వుందో ఏడుపుందో నాకు తెలియలేదు.

కడోదరా ప్రయాణం ఆగిపోయింది. ఆ తర్వాత మేము ఎక్కిన ప్రతిసారీ బాపు అమ్మ కళ్ళముందే సెల్లు తీసి పెట్టేవాడు. ఆమె డబ్బాలో ఆ సైకిలు అంకె చూసుకుని గానీ కూర్చునేది కాదు. డుమస్‌కు పోయే పెద్ద రోడ్డు మీదికి ఆ బండి ఎన్నడూ ఎక్కలేదు. అవ్వను చివరికి ఆటోలోనే సముద్రానికి తీసుకెళ్ళాం. నల్ల ఇసుక చూసి, ఇక్కడ కూడా రంగుల మిల్లు ఉన్నదా అని అడిగింది.

ఇప్పుడు అవ్వ లేదు, కారు తుక్కుకు పోయింది. మగ్గాల చప్పుడు లేక నిద్ర పట్టడం లేదంటూనే బాపు, అమ్మ మా ఫ్లాటులో ఉంటున్నారు. సైకిలు కొన్న రోజు ఆ వాడ మీదుగానే తిరిగొచ్చాను. రేకుల గోడ ఉన్నచోట పార్కింగుతో పెద్ద బిల్డింగు లేచింది. ఆగి చూస్తుంటే చౌకీదారు లేచి వచ్చి, ఎవరిని కలవాలని హిందీలో అడిగాడు. చెప్పడానికి ఒక్క పేరు కూడా తోచలేదు. అడ్రసు తప్పొచ్చానని గుజరాతీలో చెప్పాను. అతను నమ్మలేదు. నేను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూస్తూనే ఉన్నాడు.