కొత్త షెడ్డుకు పోయిన జాలీలు

మద్రాసులో నేను పనిచేసిన నూలు మిల్లులో ఆడవాళ్లకు ఇచ్చేది రీలింగు పని. కండెల మీది నూలును మిషను మీద చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టాలి. నాకు ఆ పని ఇప్పించింది మా వదిన, అంటే మా ఆయన అక్క. వ్యాసర్పాడిలో ఇద్దరివీ ఒకే వాకిట్లో ఇళ్లు. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, మోగకముందే కలిసి నడిచి వెళ్లేవాళ్లం. మిల్లులో మావి పక్కపక్క మిషన్లు. తెగిన పోగును మిషను మీదే ఎట్లా ముడి వెయ్యాలో నా వేళ్లు పట్టుకుని నేర్పింది ఆమే.

మా మిషన్లను తిప్పేది పైకప్పు కింద పొడుగునా ఉండే ఇనుప షాఫ్టు. దాని నుంచి ఒక్కో మిషనుకు ఒక్కో తోలు బెల్టు దిగేది. బెల్టు చక్రం మీదికి ఎక్కే చోట, చెయ్యో చీరో పడకుండా ఇనుప జాలీ మూత ఉండేది. యాభైల్లో ఒక ఎండాకాలం, మిల్లు చూడటానికి ఫ్యాక్టరీ ఇనస్పెక్టరు వస్తున్నాడన్నారు. అప్పుడే కట్టిన కొత్త షెడ్డులో మిషన్లకు జాలీలు ఇంకా రాలేదు. మా మేస్త్రీ ఫిట్టరును పిలిచి మా జాలీలు ఊడదీయించాడు. పచ్చరంగు పూయించి కొత్త షెడ్డులో బిగించాడు.

"మా గతేంది మేస్త్రీ?" అని వదిన అడిగింది.

"రెండు దినాలు సర్దుకోమ్మా. ఆయన పోతానే ఈడికి తెచ్చి పెట్టిస్తా."

ఇనస్పెక్టరు వచ్చాడు. కొత్త షెడ్డు చూశాడు, ఆఫీసులో కాఫీ తాగాడు, కారెక్కి పోయాడు. మా వైపు ఆయన్ను ఎవరూ తీసుకురాలేదు. జాలీలు అక్కడే ఉండిపోయాయి. మేస్త్రీ కనబడినప్పుడల్లా వదిన అడిగేది. ఆయన కనబడకుండా తప్పుకునేవాడు.

చక్రం కింద దూది పీచు పేరుకుంటే బెల్టు జారుతుంది. ఊడవాలంటే మిషను ఆపాలి. ఆ రోజు వదిన ఆపబోతుంటే మేస్త్రీ నా ఎదుటే కసిరాడు.

"నడస్తా ఉండగానే ఊడ్చు మే! నీ ఒక్కదాని కోసం ఆపితే చిలపలు ఎవురు చుడతారు?"

ఆమె వంగి చీపురు పెట్టింది. బెల్టు చీపురును లాక్కుంది. దాంతో పాటు చేతినీ లాక్కుంది.

నేను అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు. ఫిట్టరు పరుగెత్తుకొచ్చి కర్రతో బెల్టును చక్రం మీద నుంచి తోసేశాడు. ఆస్పత్రిలో ఆమె కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిల్చారు.

మర్నాడు మా డిపార్టుమెంటు మాస్టరు నన్ను గదికి పిలిపించాడు. మేస్త్రీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆమె పైట వేలాడేసుకునింది. మాటల్లో పడి చూసుకోలా. నువ్వు పక్కనే ఉండావు కదా, అట్లనే చెప్పు, సరియా?" అన్నాడు మాస్టరు.

నా ఒళ్లు మండిపోయింది. "పైట నడుముకు బిగించే ఉండింది సార్. జాలీ లేదు. మిషను ఆపొద్దనింది ఈయనే. ఈయన్నే అడగండి."

మేస్త్రీ నేల చూశాడు. మాస్టరు మాత్రం నన్నే చూస్తూ, "పని చేసుకోవాలని ఉందా, లేదా?" అన్నాడు.

నేను బయటికొచ్చాను. తెల్లారి గేటు దగ్గరే ఆడవాళ్లందరికీ ఆ మాటలు చెప్పాను. ఆ పొద్దు ఎవరూ మిషను ముట్టుకోలేదు. అందరం కొత్త షెడ్డులోకి నడిచాం. అడ్డం వచ్చిన మేస్త్రీని ఒక పెద్దామె, "జరుగు రా!" అని తోసింది. ఫిట్టరు కాసేపు నసిగి, చివరికి ఆ షెడ్డు మిషన్లు ఆపించి స్పానరు తీశాడు. పచ్చరంగు జాలీలను మేమే మోసుకొచ్చాం.

నా మిషనుకు జాలీ బిగించడం పక్కనే నిలబడి చూశాను. రెండు బోల్టులు. గ్లాసుడు కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా అన్నా? ఇంత పనికేనా మా వదిన చెయ్యి పోయింది?" అన్నాను. ఫిట్టరు స్పానరు తీసుకుని పక్క మిషను దగ్గరికి పోయాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, దుఃఖంతో కాదు. చేతికి దొరికిన కండె తీసి నేలకేసి కొట్టాను.

జాలీలు మళ్లీ ఎవరూ ఊడదీయలేదు. కొత్త షెడ్డుకు వేరేవి తెప్పించారు. అంటే, తలచుకుంటే ముందే తెప్పించగలిగేవాళ్లు. వదినను మాత్రం పనిలోకి తీసుకోలేదు. నన్ను రీలింగు నుంచి తీసి చెత్తదూది ఏరే చోట కూర్చోబెట్టారు. మేస్త్రీ మేస్త్రీగానే ఉన్నాడు.

వదినను చూడటానికి వచ్చిన బంధువులు, "మిషను చెయ్యి తినేసింది పాపం" అనేవాళ్లు. "మిషనును ఎందుకంటారు? ఆపొద్దన్న మనిషి బాగానే తిరగతా ఉండాడు, ఆయన్ను అనండి" అని నేను కొట్లాటకు దిగేదాన్ని. నోరు పెద్దదని నాకు పేరొచ్చింది. రానీ.

వదిన ఎడమచేత్తో వండటం నేర్చుకుంది. చీర కట్టుకోవడమూ నేర్చుకుంది. జడ మాత్రం వేసుకోలేకపోయేది. రోజూ పనికి పోయేముందు నేనే వేసేదాన్ని. దువ్వుతూ మాస్టరునూ మేస్త్రీనీ తిట్టేదాన్ని. తిడుతున్న కొద్దీ నా చెయ్యి బిగుసుకునేది.

"వాళ్లను తిట్టుకో మే, నేనేం వద్దంటినా," అనేది వదిన. "నా తల మాత్రం మెల్లిగా దువ్వు. నొస్తా ఉంది."