యాదగిరికి రిలీవర్ ఎవరు?

నాచారం ట్రైనింగ్ సెంటర్‌లో నేను రిపోర్ట్ చేసింది జూన్‌లో, సోమవారం ఉదయం తొమ్మిదింటికి. రెండో అంతస్తు, పైన రేకులు. బయట మందుల ఫ్యాక్టరీల వాసన. నా సామాను: నోటుబుక్కు, రెండు పెన్నులు, దగ్గరి చూపు కళ్లద్దాలు. పదిహేడేళ్లు ఫౌజులో చేసి వచ్చాను. ఆర్డరు ఒక్కటే, ఆరు వారాల్లో ప్రోగ్రాం రాయడం నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. పాసైతే చర్లపల్లి ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని. తప్పితే అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. మళ్లీ కాపలా కాయడం నా వల్ల కాదు.

నేర్పే మేడం వయసు నా వయసులో సగం. "పెద్ద పనిని చిన్న చిన్న పనులు చేసి రాయుర్రి," అనేది. రాసేవాణ్ని. తెర మీద ఎర్ర గీతలు పడేవి. నాలుగో వారానికి కంప్యూటర్ ఆన్ చేయకుండా పెన్నులు సర్దుతూ కూర్చునేవాణ్ని. వాన పడి కరెంటు పోతే సిగ్గు లేకుండా సంతోషించాను.

పక్క సీటులో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టర్నర్. "నీకేమన్న సమజైతుందా అన్నా?" అన్నాడు.

"లేదు. నీకు?"

"నాగ్గూడ లే. ఈడ కూసుంటే ఇంట్ల పోరు తప్పుతది."

పరీక్ష శుక్రవారం, పదకొండు నుంచి ఒంటిగంట దాకా. నా ప్రశ్న గార్డు డ్యూటీ. రిలీవర్, అంటే డ్యూటీ మార్చుకునేవాడు, వచ్చేదాకా కాపలా ఉన్న సెంట్రీ పేరు తెర మీద పడుతూనే ఉండాలి, వచ్చాక రెండో పేరు పడాలి. ఇలా ఒకే పనిని షరతు తీరేదాకా తిప్పేదాన్ని లూప్ అంటారు. ఇది నాకు కొట్టిన పిండి అనుకున్నాను. గంటలో రాసేశాను. మొదటి పేరు ఆలోచించకుండా కొట్టాను. యాదగిరి.

ప్రోగ్రాం నడిపించాను. యాదగిరి. యాదగిరి. యాదగిరి. తెర నిండిపోయింది, ఆగడం లేదు.

మేడం వంగి చూసింది. "రిలీవర్ వచ్చేదాక అని రాసినవ్ అన్నా. మరి రిలీవర్‌ను ఎవలు పంపిన్రు?"

"గార్డు కమాండర్ పంపుతడు మేడం."

"ఏ లైన్ల?"

ఏ లైనులోనూ లేదు. మీకు తెలియదు గనక చెబుతున్నాను, సెంట్రీ ఆ సంగతి ఆలోచించడు. రిలీవర్ రానిదే పోస్టు వదలడు. పంపేవాడు పంపుతాడని నిలబడతాడు.

యాదగిరి నా బ్యాచ్‌వాడు. మంచు కొండల మీది పోస్టులో సాయంత్రం నాలుగింటికి వాణ్ని రిలీవ్ చేయాల్సింది నేను. తుపాను లేచింది. గార్డు కమాండర్ ఆగమన్నాడు, ఆగాను. "ఒస్తున్నవా బావా?" అని వాడు రేడియోలో రెండుసార్లు అడిగాడు. పంపండి అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అదే నన్ను తినేస్తోంది. తెల్లారి వెళ్లేసరికి వాడు పోస్టులోనే ఉన్నాడు, ప్రాణం లేదు.

"కంట్రోల్ నొక్కి సీ కొట్టన్నా, ఆగుతది. ఒక్క లైను కలుపు, పాసైతవ్. ఇంక నలభై నిమిషాలున్నయ్," అంది మేడం.

ఆ లైను నాకు తెలుసు. మీటల మీద వేళ్లు పెట్టాను. తెర మీద పడుతున్న యాదగిరిని ఆపలేకపోయాను. ఒంటిగంటకు మేడమే స్విచ్ ఆపేసింది.

ఉప్పల్ బస్సెక్కి ఇంటికి వచ్చాను. సోమవారం నుంచి గేటు డ్యూటీ. కళ్లు మూస్తే ఆ తెరే, నల్లబడే ముందు అడుగున పడిన చివరి లైను. పేరు సగమే పడింది.