కోయని పేజీలు

ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో మా పై ఇంటి అంకుల్ తోలు అట్టల పాత సాహస నవలలు సేకరించేవారు. రోజూ ఆఫీసు నుంచి బస్సులో నలిగి వచ్చి, పాత బనియన్ గుడ్డతో వాటిని తుడిచి, మళ్లీ బీరువాలో పెట్టేవారు. మడిచిన కాగితాలను కోయకుండానే కుట్టడంతో, వాటి పేజీల అంచులు అచ్చయిన నాటి నుంచీ కలిసే ఉన్నాయి. కత్తితో కోసుకుంటూ చదవాలి. ఆయన ఒక్కటీ కోయలేదు. ఎందుకని అడిగితే, "రిటైరయ్యాక తీరిగ్గా చదువుతానమ్మా," అనేవారు.

ఆయన రిటైరైన వారానికి వాళ్లింటికి వెళ్లాను. వంటింటి కత్తితో నాలుగు పేజీలు కోసి, కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. ఆంటీ తట్టి లేపి, "ఆ కత్తి ఇటివ్వండి, బెండకాయలు కోయాలి," అన్నారు.

ఆయన కత్తి తుడిచి ఇచ్చేశారు. పుస్తకం మూసి, నావైపు చూసి అన్నారు:

"కథలో ఓడ ఇంకా రేవు దాటనే లేదమ్మా. నాకే ఓపిక అయిపోయింది."